రాందాస్ కారు ఆల్టర్నేటర్

మా మునియ్య మామ మంచివాడని మా ఊరు ద్రాసాలో ఎవరినడిగినా చెబుతారు. నేనూ కాదనను. మా అమ్మకి పెద్ద తమ్ముడు, నన్ను చంకనేసుకుని చెరుకు తోటలన్నీ తిప్పినవాడు. అయినా ఆయన సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. ఎక్కడైనా మాట గట్టిగా పడితే సర్దుకోండి.

ఫిజీకి స్వతంత్రం వచ్చిన రోజున మామ బడిపిల్లాడు. చేతికి కొత్త జెండా ఇచ్చి ఎండలో వరసగా నిలబెట్టారట. జెండా కర్రతో ముందువాడి వీపు గీకి దెబ్బలు తిన్నాడట. స్వతంత్రం గురించి ఆయనకి గుర్తున్నది అదొక్కటే. ముత్తాత గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, ఓడెక్కి వచ్చి చెరుకు నరికాడు. తాతా తండ్రీ కౌలు భూమిలో చెరుకు వేశారు. మామా అదే చేశాడు. కౌలు గడువు తీరాక భూమి సొంతదార్లకి వెళ్ళిపోయింది, ఇల్లూ పెరడూ మిగిలాయి. నలభై దాటిన వయసులో దగ్గరి పట్నం లౌటోకలో టాక్సీ తోలడం మొదలుపెట్టాడు.

పగలు టాక్సీ, సాయంత్రం మారియమ్మ గుడి. ఆయన పూజారి కాదు గానీ పూజారి కూడా ఆయనకి భయపడేవాడు. ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు, ఎవరింటి నుంచి ఎన్నాళ్ళు పసుపు తీసుకోకూడదు, అన్నీ ఆయనే చెప్పాలి. మా వాళ్ళకి తెలుగు సగం పైగా పోయింది. ఇంట్లో ఫిజీ హిందీయే నడుస్తుంది. అంటూ ముట్టూ మాత్రం ఓడ దిగిన నాటి నుంచి చెక్కు చెదరలేదు.

ఆయన తమ్ముడు రాందాస్ మామది పక్కిల్లు. అన్నదమ్ములిద్దరూ జపాన్ నుంచి పాత కార్లు దిగిన ఒకే ఓడలోంచి ఒకేలాంటి తెల్ల కార్లు రెండు కొన్నారు. నంబరు చూస్తే గానీ ఏది ఎవరిదో మాకు తెలిసేది కాదు. ఒక చెరుకు సీజనులో, మలుపు దగ్గర ఆగివున్న రాందాస్ మామ కారుని వెనక నుంచి బ్రేకులు పోయిన లారీ గుద్దింది. ఆయన అక్కడే పోయాడు. కారు వెనక సగం నుజ్జయింది. ముందు సగానికి ఏమీ కాలేదు, హెడ్‌లైట్ల అద్దాలు కూడా పగల్లేదు. పోలీసులు తమ పని అయ్యాక దాన్ని లాక్కొచ్చి ఆయన పెరట్లోనే దింపి పోయారు.

కామిని అత్త, అంటే రాందాస్ మామ భార్య, పిల్లల్లేని మనిషి. పాత కార్లు విప్పి భాగాలు అమ్మేవాడొకడు బా ఊరి నుంచి వచ్చి కారు చూసి, ఇంజను బావుంది, తీసుకుంటానన్నాడు. ఆ డబ్బుతో కుట్టుమిషను కొనుక్కుని ఇంట్లోనే కూర్చుని కుట్టుకోవాలని ఆవిడ అనుకుంది. తాళ్ళు కట్టి కారుని బండి మీదికి ఎక్కించబోతుంటే మునియ్య మామ వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"నా తమ్ముడి నెత్తురు పడిన ఇనుము ఇది. ఇంకో బండిలోకి పోకూడదు. ఖతం."

మా వాళ్ళలో ఆ పట్టింపు ఉన్నమాట నిజమే. మనిషి అర్ధాంతరంగా పోయిన బండిలోంచి ఒక్క బోల్టు కూడా వేరే బండికి వెయ్యరు. చావు దానితో పాటు నడిచి వస్తుందంటారు. కానీ ఆ ఇనుము కామినిది, ఆకలీ కామినిదే. ఆ ముక్క ఆయనతో అనేవాళ్ళు లేకపోయారు. కర్పూరం వెలిగించి, నిమ్మకాయ కోసి, నీలం టార్పాలిను కప్పి తాళ్ళు బిగించాడు. నేనున్నానుగా అన్నాడు. ఉన్నాడు పాపం, పక్కింట్లోనే ఉన్నాడు. ఆవిడ లౌటోకలో బట్టల ఫ్యాక్టరీకి పోయి పొద్దంతా నిలబడి కాలర్లు కత్తిరించి, బస్సు దిగి, ఆ టార్పాలిను పక్క నుంచే రోజూ ఇంట్లోకి పోయేది. ఆ రోజు నుంచి బావతో మాట్లాడటం మానేసింది.

తర్వాత బసంతి అత్తకి జబ్బు ముదిరింది. ఆవిడ మునియ్య మామ భార్య. షుగరు మా దేశంలో ఇంటింటికీ ఉన్నదే. ఆవిడకి ముందు కాలివేలు తీశారు, తర్వాత కిడ్నీలు పోయాయి. ఇక రోజు విడిచి రోజు మెషిన్ మీద రక్తం కడిగించుకోవాలి. మా వైపు వాళ్ళకి అప్పట్లో ఆ మెషిన్ నాందీలో దొరికేది. ద్రాసా నుంచి లౌటోక దాటి, సంబేతో వంతెన దాటి పోవాలి. ఒక్కసారి తప్పితే ఒళ్ళు ఉబ్బుతుంది, రెండుసార్లు తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరొస్తుంది. డాక్టరు దాచకుండా చెప్పాడు.

మామ టాక్సీ మానేశాడు. కారు అత్తకే అయింది. ఆయన మంచితనం ఇక్కడ చెప్పాలి, లేకపోతే నాకు పాపం. ఆవిడ కాళ్ళు కడిగి తుడిచేవాడు. ఉప్పు లేకుండా వండేవాడు, తనూ అదే తినేవాడు. మెషిన్ గది బయట బెంచీ మీద అన్ని గంటలూ కూర్చునేవాడు. ఇంత చేసిన మనిషి ఒక్క మాట అనలేకపోయాడే అని నా బాధ.

ఒకరోజు నాందీ నుంచి వస్తుంటే కారులో బ్యాటరీ గుర్తున్న ఎర్ర దీపం వెలిగింది. మర్నాడు లౌటోకలో ముకేష్ షెడ్డుకి తీసుకెళ్ళాడు. ముకేష్ బండ్ల కరెంటు పనివాడు, మామకి టాక్సీ రోజుల నుంచీ తెలుసు. బెల్టు విప్పి ఆల్టర్నేటర్ బయటికి తీశాడు. బేరింగు అరిగింది, లోపల తీగ చుట్టు కాలి నల్లబడింది. బ్రష్షులు మార్చి సరిపెట్టే వ్యవహారం కాదు, వేరేది వెయ్యాలన్నాడు. ఇంజను తిరిగినంతసేపూ కరెంటు పుట్టించేది అదే. అది లేకపోతే బండి బ్యాటరీని తినేసి, తిన్నంత దూరం పోయి ఆగిపోతుంది. అప్పటిదాకా వాడుకోమని ఒక పాత బ్యాటరీ అరువిచ్చాడు. మామ రాత్రిళ్ళు ఛార్జింగు పెట్టుకుంటూ రెండు బ్యాటరీలతో అత్తని తిప్పాడు.

ఇక ఎంపిక. కంపెనీ అసలు సరుకు కావాలంటే బయటి నుంచి తెప్పించాలి, ఓడ మీద ఎప్పుడొస్తుందో తెలియదు. విప్పిన కార్ల నుంచి తీసినవి దొరుకుతాయి, వాటిలో మంచివి ఉంటాయి. మామ వద్దన్నాడు. ఆ కారులో ఎవరు పోయారో ఎవరికి తెలుసన్నాడు. బాగుచేసి అమ్మేవీ వద్దన్నాడు, అవీ ఏదో ఒక కారులోంచి వచ్చినవే కదా అని. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నీ కారే జపాన్‌లో ఎవరో వాడి వదిలేసింది కదా మామా, అక్కడ దాంట్లో ఎవరు పోయారో నీకు తెలుసా అన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"సముద్రం దాటితే అన్నీ పోతాయి. మన ముత్తాతలకి పోలేదా?"

ఇక మిగిలింది కొత్త పెట్టెలో వచ్చే నకలు సరుకు. ముకేష్ దాన్ని చేతిలో బరువు చూసి పెదవి విరిచాడు. రాగి తక్కువ, లోపలి డయోడ్లు వేడికి తట్టుకోవు, చల్లగా ఉన్నంతసేపూ ఏదైనా పనిచేస్తుందన్నాడు. నీకు కావాల్సింది మీ పెరటి పక్కనే ఉంది కదా అన్నా, అన్నాడు. అదే కారు, అదే ఏడాది, అదే ప్లగ్గు, అసలు జపాన్‌ది, రాందాస్ ఎక్కువ తోలనైనా లేదు. మామ పెట్టె చంకలో పెట్టుకుని లేచాడు.

ఆ మాట బసంతి అత్త చెవిన పడింది. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. నేను నటబువాలో ఒక బళ్ళో టీచర్ని, సెలవులకి ద్రాసా వచ్చేదాన్ని. అత్త నా చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ పక్కింటికి నడిచింది. కామిని అత్త ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. బసంతి అత్త చుట్టూ తిప్పకుండా అడిగింది. నీ కారులోది ఒకటి కావాలి చెల్లీ, నన్ను మోసేదానికి, అంది.

కామిని అత్త కాళ్ళు నీళ్ళలోంచి తీసి తుడుచుకుంది.

"నీకు కాదంటానా అక్కా. తీసుకో. కానీ బావ వచ్చి అడగాలి. ఆ రోజు నాకు చేసింది తప్పని ఒక్క మాట అనాలి. బస్, అంతే."

ఆ కోరిక నాకు తప్పనిపించలేదు. ఈనాటికీ అనిపించదు. కానీ అటు చావుబతుకుల్లో ఉన్నది అడగాల్సిన మనిషీ కాదు, అడగమన్న మనిషీ కాదు. మధ్యలో ఉన్న బసంతి అత్త. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఇంటికొచ్చి అత్త మామకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు. తమ్ముడి చావు తెచ్చి నీ కింద పెట్టమంటావా అన్నాడు. నాకు ఆయన మొహం కనబడుతూనే ఉంది. చావుకి భయపడిన మాట నిజమే. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ టార్పాలిను తన చేత్తో విప్పితే, ఆ రోజు కామినికి అడ్డం నిలబడిన మనిషి ఏమవుతాడు? గుళ్ళో ఆయన మాట ఏమవుతుంది? అత్తకీ అది అర్థమైంది.

"నేను పోతే నీ మాట మిగులుతుందయ్యా. దాంతో ఏం చేసుకుంటావు?"

ఆయన చెయ్యి కడుక్కుని గుడికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొత్తది బిగించారు. ముకేష్ మీటరు పెట్టి చూశాడు, అంకె సరిగ్గానే ఉంది. ఫ్యానూ లైట్లూ వైపర్లూ అన్నీ వేసి, నాందీ దాకా తోలుకొచ్చి, వేడి మీద ఉండగా మళ్ళీ చూపించమన్నాడు. మామ సరేనన్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు, కర్పూరం తిప్పాడు. కొత్త ఇనుము, ఎవరి నెత్తురూ అంటనిది, దీనికి దోషమేముందని మురిసిపోయాడు. అరువు బ్యాటరీ ముకేష్‌కి తిరిగి ఇచ్చేశాడు. వేడి మీద చూపించడానికి మాత్రం వెళ్ళలేదు. ఎర్ర దీపం ఆరింది కదా, అది చాలనుకున్నాడు.

కొన్ని వారాలు బాగానే నడిచింది. రెండువేల పన్నెండులో నాందీ ఊరు వరదల్లో మునిగిన సంగతి మా వైపు వాళ్ళెవరూ మర్చిపోరు. ఆ వరద రోజుల్లోనే వానకి మా బడి మూసేశారు. ఆరోజు అత్తకి మెషిన్ రోజు. అంతకు ముందుసారి కరెంటు పోయి మెషిన్ మీద సగమే కుదిరింది, కాళ్ళు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. తోడుకి నేనూ ఎక్కాను. నటబువా దగ్గర నన్ను ఎక్కించుకునేటప్పుడు, వంతెన ఇంకా తెరిచే ఉందని రేడియో చెబుతోంది.

మిట్టమధ్యాహ్నం సాయంత్రంలా చీకటిగా ఉంది. లైట్లు, వైపర్లు, అద్దం మసక పోవడానికి ఫ్యాను, అన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. వుందా దాటాక ఎర్ర దీపం వెలిగింది. మామ చెయ్యి చాపి ఫ్యాను ఆపాడు. అద్దం మీద మసక కమ్మింది. అత్త గాలి కావాలంది, నేను కిటికీ దింపితే వాన మొహాన కొట్టింది. మామ వైపర్లు ఆపాడు, లైట్లు ఆపాడు, తల బయటికి పెట్టి తోలాడు. వంద గజాలకోసారి వైపరు ఒక్క తిప్పు తిప్పేవాడు. చివరికి ఎత్తు మీద ఇంజను దగ్గి ఆగిపోయింది. బానెట్టు ఎత్తితే కాలిన వాసన.

అటు నుంచి వచ్చే బండ్లన్నీ వెనక్కి తిరిగొస్తున్నవి. ఇటు నుంచి పోయేవాళ్ళు వంతెన మూస్తారని తొందరలో ఆగలేదు. ఒక మినీవ్యాను మమ్మల్ని దాటి పోయింది. దాని వెనక అద్దంలో ఒక పసిపాప బొమ్మ నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. దగ్గరి ఊరి నుంచి ఇద్దరు ఫిజియన్లు, అంటే ఇక్కడి మూలవాసులు, అరటాకులు నెత్తిన పెట్టుకుని వచ్చి, కారు నెట్టి చూశారు, లాభం లేకపోయింది. అందులో ఒకాయన ఎక్కడికో పరిగెత్తి ఒక లారీని పిలుచుకొచ్చాడు. అత్తని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆ మనుషుల పేర్లు కూడా అడగలేదు, ఆ సిగ్గు నాకుంది.

సంబేతో దగ్గర పోలీసులు అడ్డుకర్ర దించేశారు. వంతెన మీద బురదనీళ్ళు పారుతున్నాయి. కాసేపటి క్రితం ఒక మినీవ్యాను పోయింది, అదే ఆఖరుదన్నాడు పోలీసాయన. మామ అతని కాళ్ళ మీద పడబోయాడు. అతను మామని పట్టుకుని లేపి, నీళ్ళకేసి చూపించాడు. అతని కళ్ళలోనూ నీళ్ళున్నాయి, లేదా వానో, నాకు తెలియదు.

అదే లారీలో వెనక్కి వచ్చాం. లౌటోక ఆసుపత్రిలో వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. దారి తెరుచుకునే లోపే అత్త పోయింది. చివరి దాకా తెలివిలోనే ఉంది, కూర్చుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. మామ ఆవిడ వెనక కూర్చుని వీపుకి తన ఛాతీ ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బావుండేదని ఆయనే ఒకసారి నాతో అన్నాడు.

కర్మ అయ్యాక ఒక సాయంత్రం మామ పక్కింటికి వెళ్ళాడు. నేను గిన్నెలు కడుగుతూ కంచె ఇవతల ఉన్నాను. కామిని అత్త గుమ్మంలో నిలబడింది. ఆవిడ కూడా ఆ రోజుల్లో తిండి తినలేదు, మనిషి సగమైంది. మామ తల వంచుకునే మాట్లాడాడు.

"ఆ రోజు నీకు చేసింది తప్పు కామినీ. కారు అమ్ముకో."

"ఈ మాట అప్పుడు కావాలి నాకు బావా. ఇప్పుడేం చేసుకోను?"

ఆయన ఆల్టర్నేటర్ నేను తీసుకోనా అని అడిగాడు. ఆవిడ అప్పుడు అన్నది కోపంతో అన్నట్టు నాకు వినబడలేదు, నిజంగా తెలియక అడిగినట్టే వినబడింది.

"ఎవర్ని తీసుకెళ్ళేదానికి?"

మామ టార్పాలిను వైపు నడిచాడు. తాళ్ళు తనే విప్పబోయాడు. ముడులు తను వేసినవే, బిగుసుకుపోయి రాలేదు, కత్తితో కోశాడు. బానెట్టు కింద కోళ్ళు గుడ్లు పెట్టి ఉన్నాయి. ఆల్టర్నేటర్ విప్పి, తుడిచి, తన కారుకి బిగించాడు. మొదటిసారి తాళం తిప్పగానే దీపం ఆరింది. మళ్ళీ ఇంజను ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను వెళ్ళి ఓదార్చలేదు. నాకు ఆయన మీద అంత కోపంగా ఉంది, అంత జాలిగానూ ఉంది, ఏది ముందు వస్తుందో తెలియక కంచె దగ్గరే ఉండిపోయాను. మిగతా కారుని బా ఊరివాడు వచ్చి తీసుకుపోయాడు. గుడి సంగతులు మామ అడగడం మానేశాడు, వాళ్ళూ పిలవడం మానేశారు.

తర్వాత కొన్నేళ్ళు మామ కారు ఎక్కువగా పెరట్లోనే ఉండేది. ఇంజను పాడవకూడదని మామ అప్పుడప్పుడు స్టార్టు చేసి, పొగ చూసి, ఆపేసేవాడు.

కామిని అత్త ఫ్యాక్టరీలో కళ్ళు తిరిగి పడిపోయిన రోజున గానీ ఆవిడకీ షుగరుందని ఎవరికీ తెలియలేదు. నిలబడి నిలబడి కాళ్ళు వాస్తున్నాయనుకుందట, అదీ అలవాటేననుకుందట. అప్పటికే ఆలస్యమైంది. ఆవిడకీ నాందీలో మెషిన్ రాశారు, రోజు విడిచి రోజు. ఎవరూ ఎవరినీ అడగలేదు. మొదటి రోజున తెల్లవారగానే మామ కారు ఆవిడ గుమ్మం ముందుకి తెచ్చి ఆపి, వెనక తలుపు తీసి నిలబడ్డాడు.

మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ వాళ్ళతో నాందీ వెళ్ళాను. బసంతి అత్త కూర్చునే చోటే కామిని అత్త కూర్చుంది. లౌటోక దాటాక చిన్న జల్లు పడుతోంది, మామ లైట్లూ వైపర్లూ వేశాడు, ఫ్యాను వేశాడు. ఆనాడు కారు ఆగిపోయిన ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన కళ్ళు రోడ్డు మీద లేవు, మీటర్ల మీదే ఉన్నాయి. వెనక నుంచి కామిని అత్త అడిగింది.

"బావా, దీపం వచ్చిందా?"

"రాలేదు."

"రాదు. ఆయనది అది," అని ఆవిడ కళ్ళు మూసుకుంది. వంతెన వచ్చింది. మామ మాత్రం అది దాటేదాకా దీపం వైపే చూస్తూ తోలాడు.